సినిమాలో రాని కన్నీరు ఎడిట్‌లో ఎందుకొస్తుంది?

క్లుప్తంగా

సినిమాల్లోంచి ముక్కలు తీసుకుని అభిమానులు కట్టే చిన్న వీడియోలను, అంటే ‘ఎడిట్ల’ను, అసలు సినిమాకు కురచ నకళ్లుగా చూస్తే వాటి బలం అర్థం కాదు. చూసేవారి మనసులో అప్పటికే ఉన్న జ్ఞాపకాన్ని అవి పాటతో, కత్తిరింపుతో తట్టి లేపుతాయి. అందువల్ల సినిమా తెలిసినవారి మీద ఒకలాగా, తెలియనివారి మీద మరోలాగా పనిచేస్తాయి. ఒక్కోసారి వెనక్కి వెళ్లి అసలు సినిమా అర్థాన్నే మార్చేస్తాయి. విశాఖలో ఆ జ్ఞాపకంలో సినిమాతోపాటు ఊరూ కలిసి ఉంటుంది. ఈ వీడియోల విషయంలో చట్టం ఇప్పటికీ అస్పష్టంగానే ఉంది. కృత్రిమ మేధ వచ్చాక చిక్కులు పెరిగాయి.

విడుదలకు ముందు రాత్రి

పెద్ద హీరో సినిమా వస్తోందంటే విశాఖ జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల హడావిడి ఎప్పుడూ ఉండేదే. ఫ్లెక్సీలు, డప్పులు, పూలదండలు, పాలాభిషేకాలు పాత సంగతులు. గత పదేళ్లలో కొత్తగా చేరింది చేతిలో ఫోన్. బెనిఫిట్ షోకి టికెట్ దొరికినవాళ్లూ దొరకనివాళ్లూ ముందు రోజు రాత్రే స్టేటస్‌లో ఒక వీడియో పెట్టేస్తారు. హీరో తొలి సినిమా నుంచి నిన్నటి ట్రైలర్ దాకా ఏరుకొచ్చిన షాట్లు, కింద ఎక్కడిదో బీజీఎం (నేపథ్య సంగీతం), మధ్యలో ఒక పాత డైలాగ్. మొత్తం నలభై సెకన్లు దాటదు. చూసినవాళ్లు గూస్‌బంప్స్ అంటారు, కళ్లు చెమర్చాయంటారు. మర్నాడు రెండున్నర గంటల సినిమా చూసి బయటికొచ్చి, “బాగానే ఉంది గానీ, ఆ ఎడిట్ చూసినప్పటి ఫీల్ రాలేదు” అనేవాళ్లూ ఉంటారు.

ఈ మాటని కుర్రతనం కింద కొట్టిపారేయడం తేలిక. కోట్లు ఖర్చుపెట్టి, వందలమంది పనిచేసి తీసిన సినిమా కదిలించలేనిచోట, ఇంట్లో కూర్చుని ఫోన్ మీద ఒకరు కట్టిన వీడియో ఎలా కదిలిస్తోంది? పైగా అందులో ఒక్క షాటూ కొత్తది కాదు. దీనికి జవాబు వెతికితే సినిమా మీద అభిమానం అనేది ఎక్కడ నిలవ ఉంటుందో కొంత తెలుస్తుంది.

ముఖం ఒకటే, భావం పక్క షాట్‌ది

సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని అదే షాట్‌ని, మూడు వేర్వేరు దృశ్యాల పక్కన అతికించాడు. ఒకచోట సూప్ గిన్నె, ఒకచోట శవపేటిక, ఇంకోచోట ఒక స్త్రీ. చూసినవాళ్లకి ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక వరసగా కనిపించాయి. నటుడు చేసిందేమీ లేదు. పక్క షాట్ చూసి ప్రేక్షకులే భావాన్ని నింపుకున్నారు. ఎడిట్ చేసే కుర్రాళ్లలో ఎక్కువమంది కులెషోవ్ పేరు విని ఉండకపోవచ్చు. చేతికి వచ్చిన విద్య మాత్రం అదే.

ఇదే పనికి తెలుగులో ఇంకా దగ్గర పోలిక అవధానంలో దొరుకుతుంది. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు అడ్డదిడ్డమైన అర్థం వచ్చే చివరి పాదం ఇస్తాడు. అవధాని దాన్ని ముట్టుకోడు. పైన మూడు పాదాలు కట్టేసరికి ఆ నాలుగో పాదం అర్థం దానంతటదే మారిపోతుంది. సభలో చప్పట్లు మోగేది ఆ మలుపుకే. ఎడిట్‌లో చివరి షాట్ కూడా సమస్య పాదం లాంటిదే. కామెడీ సీన్‌లో హీరో తల తిప్పి చూసిన చూపు, దాని ముందు తల్లి చితి దగ్గర షాట్ ఒకటి పెట్టగానే, బరువెక్కిపోతుంది. ఆ చూపు సంగతి తెలిసినవారికి ఆశ్చర్యం రెట్టింపు: ఇదా ఇంతకాలం ఇందులో ఉన్నది, అనిపిస్తుంది.

ఇక్కడ ఫోన్ తెర చేసే పని ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సినిమాస్కోప్ ఫ్రేమ్ ఎత్తు ఒకటైతే వెడల్పు 2.35 ఉంటుంది. రీల్స్, షార్ట్స్ కోసం దాన్ని నిలువుగా 9:16లో కత్తిరిస్తే, అసలు ఫ్రేమ్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు పోతుంది. పోయేదేమిటి? పక్కన నిలబడ్డ తమ్ముడు, వెనకున్న ఇల్లు, ఎదురుగా ఉన్న శత్రువు. మిగిలేది ఒక ముఖం. థియేటర్లో ఆ ముఖం ఒక కథలో, ఒక కుటుంబంలో భాగం. అరచేతిలో అది చూసేవారితో ఒంటరిగా ఉంటుంది, అడుగు దూరంలో ఉంటుంది. డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే, టీవీ తెర మీద కనిపించే మనిషితో ప్రేక్షకులకు ఏర్పడే ఒకవైపు చనువు గురించి రాశారు. అప్పటి టీవీ గదిలో మూలన ఉండేది. ఇప్పటి తెర దిండు పక్కన ఉంటోంది.

పాట మోసుకొచ్చేది

షాట్లకంటే పాట బలమైనది. బీట్ పడ్డచోట కట్ పడితే శరీరం ముందు స్పందిస్తుంది, బుద్ధి తర్వాత వస్తుంది. అయితే తాళానికి కట్ చేయడం యాప్‌లు కూడా నేర్పే చిట్కా. లోతైన పని ఇంకొకటి ఉంది. పాట ఒంటరిగా రాదు, విన్న కాలాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. మనిషి పెద్దయ్యాక గుర్తు తెచ్చుకునే సంగతుల్లో సుమారు పదేళ్ల వయసు నుంచి ముప్ఫై లోపు జరిగినవి ఎక్కువగా ఉంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసే శాస్త్రజ్ఞులు చాలాకాలంగా గమనిస్తున్నారు. ఆ వయసులో విన్న పాటల విషయంలో ఇది మరీ నిజం. కాబట్టి 2000ల నాటి ఒక పాట మీద ఈనాటి హీరో షాట్లు వేస్తే, ఇప్పుడు ముప్ఫై ఐదు దాటినవాళ్లకి కనిపించేది ఈనాటి హీరో ఒక్కడే కాదు. ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్ గది, సంగం శరత్ హాల్లో నేల టికెట్ కోసం నిలబడ్డ క్యూ, ఆ క్యూలో పక్కనున్న స్నేహితుడు కూడా వస్తారు.

దీన్ని మన రసశాస్త్రం చెప్పినంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేదేమో. భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం విభావం, అనుభావం, వ్యభిచారి భావం (వచ్చిపోయే భావం) కలిస్తే రసం పుడుతుంది. భావానికి కారణమైన మనిషి ఆలంబన విభావం. దాన్ని రగిలించే వెన్నెల, వాన, సంగీతం లాంటివి ఉద్దీపన విభావం. కన్నీరు, వణుకు అనుభావాలు. ఎడిట్ చేసే పనిని ఈ మాటల్లో పెడితే విషయం విడిపోతుంది. అది అనుభావాన్ని, అంటే హీరో కన్నీటిని, ఉంచుతుంది. ఆ కన్నీటికి సినిమాలో ఉన్న కారణాన్ని తీసేస్తుంది. ఉద్దీపనాన్ని, అంటే పాటని, పదింతలు చేస్తుంది. మరి కారణం లేని కన్నీరు ఎలా నమ్మకం కలిగిస్తుంది? దీనికి, నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు ఇచ్చిన సమాధానం వాసన: సహృదయుడి మనసులో పాత అనుభవాల ముద్రలు ముందే ఉంటాయి, కావ్యం వాటిని మేల్కొలుపుతుంది. ఎడిట్ తీసేసిన కారణం స్థానంలో చూసేవారు తమ కారణాన్ని పెట్టుకుంటారు. తండ్రి పోయినవాడికి అది తండ్రి వీడియో అవుతుంది. వదిలేసి వెళ్లిపోయిన అమ్మాయి గుర్తొచ్చినవాడికి అది ఆ అమ్మాయి వీడియో. రెండున్నర గంటల సినిమా తన కారణాన్ని తాను వివరంగా చెబుతుంది, అందుచేత మన కారణానికి అక్కడ చోటు తక్కువ. నలభై సెకన్ల ఎడిట్‌లో బలం ఆ ఖాళీలోనే ఉంది.

తెలిసినవారు, తెలియనివారు

ఒకే వీడియో కింద రెండు రకాల ప్రేక్షకులుంటారు, వాళ్ల అనుభవాలు ఒకటి కావు.

సినిమా తెలిసినవారిది హరికథ వినేవారి స్థితి. ఉత్తరాంధ్రకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు; హరికథా పితామహుడని పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) విజయనగరంవారు. ఆయన కథ చెబుతుంటే కూర్చున్నవాళ్లలో సీత అడవికి వెళ్తుందని, ప్రహ్లాదుడు బతుకుతాడని తెలియనివారు ఎవరూ లేరు. తెలుసు కాబట్టే ముందు ఘట్టాల్లోని నవ్వులు కూడా వాళ్లకి బరువుగా వినిపిస్తాయి. ఎడిట్ కూడా ఈ ముందెరుకనే వాడుకుంటుంది. రెండో సగంలో చనిపోయే స్నేహితుడు మొదటి సగంలో భుజం మీద చెయ్యి వేసి నవ్విన షాట్, తొలిసారి సినిమా చూసినప్పుడు మామూలు షాట్. ఎడిట్‌లో నెమ్మదిగా, మాటల్లేకుండా వచ్చినప్పుడు భరించడం కష్టం. సినిమాలో ఆ క్షణంలో లేని దుఃఖాన్ని, సినిమా పూర్తిగా తెలిసినవారు వెనక్కి తీసుకెళ్లి అక్కడ పెడుతున్నారు.

తెలియనివారి సంగతి వేరు. కొరియన్ సీరియళ్లు, జపాన్ యానిమేలు విశాఖ కాలేజీ పిల్లల్లో చాలామందికి మొదట పరిచయమైంది సీరియల్‌గా కాదు, తెలుగు పాట మీద ఎవరో వేసిన జంట ఎడిట్‌గా. ఆ జంట పేర్లు తెలియవు, భాష రాదు, కథ తెలియదు. అయినా పాట తమది. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జాయాన్స్ 1968లో చూపించినట్టు, ఒక వస్తువు పదేపదే కళ్లబడితే చాలు, దానిమీద ఇష్టం పెరుగుతుంది. రోజుకి నాలుగుసార్లు కనిపించిన ముఖం వారానికల్లా మనవాళ్ల ముఖమైపోతుంది. తర్వాత కొందరు వెతుక్కుని అసలు సీరియల్ చూస్తారు. పదహారు గంటల నడకలో ఆ నలభై సెకన్ల తీవ్రత దొరక్క మానేసేవారు కొందరు. ఓపిక పట్టి, ఆ షాట్ అసలు ఎందుకొచ్చిందో తెలుసుకుని, ఎడిట్‌కి మళ్లీ తిరిగొచ్చి రెండోసారి ఏడ్చేవారు కొందరు.

మూలం చూడకుండా ముక్కని ప్రేమించడం కొత్తేమీ కాదు. గిరీశం చివరి మాటని రోజువారీ కబుర్లలో వాడేవారందరూ ‘కన్యాశుల్కం’ చదివినవారు కారు. ఆ నాటకానికి దానివల్ల నష్టం రాలేదు. కానీ ముక్క మూలాన్ని కమ్మేసే ప్రమాదం నిజంగా ఉంది, ముఖ్యంగా హింస విషయంలో. హీరో పతనాన్ని, చేసిన తప్పుకి పడ్డ శిక్షని చూపించడానికి తీసిన సినిమాలోంచి ఎడిట్ తీసుకునేది కత్తి ఎత్తిన షాటే. శిక్ష పడ్డ షాట్‌కి బీట్ ఉండదు. సినిమా చూడని పదిహేనేళ్ల పిల్లవాడికి ఆ పాత్ర గెలిచినవాడిగానే మిగిలిపోతుంది. దర్శకుడు రెండు గంటలు కష్టపడి చెప్పిన మాట ఇక్కడ తలకిందులవుతుంది. ఎడిట్ల మీద వచ్చే విమర్శల్లో గట్టిగా పట్టించుకోవాల్సింది ఇదే.

ఇదే కత్తిరింపు మంచికీ ఉపయోగపడుతోంది. మన పెద్ద సినిమాల్లో కథానాయికకి, తల్లి పాత్రలకి దొరికే సమయం తక్కువ. వాళ్ల మీద కట్టే ఎడిట్లు, మూడు సినిమాల్లో చెల్లాచెదురుగా ఉన్న ఇరవై షాట్లని ఒకచోటికి చేర్చి, ఆ పాత్రకి సినిమా ఇవ్వని కథని ఇస్తాయి. 1975లో అమెరికాలో క్యాండీ ఫాంగ్ అనే అభిమాని, ఒక టీవీ సీరియల్ స్లైడ్లని పాటకి తగ్గట్టు వరసగా వేసి చూపించింది. అభిమానుల వీడియోలకి చరిత్ర అక్కడి నుంచే మొదలని చెబుతారు. తర్వాత రెండు దశాబ్దాల పాటు వీసీఆర్‌ల మీద ఈ పని చేసినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. తెర మీద తమకు సరిపడా లేనిదాన్ని తామే తయారు చేసుకున్నారు.

క్యాసెట్టు నుంచి పెళ్లి వీడియో దాకా

తెలుగునాట ఈ అలవాటు యాప్‌లతో ఊడిపడలేదు. వారపత్రికల్లో తారల బొమ్మలు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించి, కింద పాట చరణం రాసుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. క్యాసెట్ల కాలంలో రికార్డింగ్ షాపుకి పాటల జాబితా రాసిచ్చి, తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో నింపించుకునేవారు. ఏ పాట తర్వాత ఏది రావాలో ఆలోచించి రాసిన ఆ జాబితా కూడా ఒక ఎడిటింగే. ప్రేమలేఖ రాయలేనివారు క్యాసెట్ ఇచ్చేవారు.

అసలు పూర్వరూపం మాత్రం పెళ్లి వీడియో. తొంభైల్లో విశాఖలోనే కాదు, అన్ని ఊళ్లలోనూ వీడియోగ్రాఫర్లు పెళ్లి క్యాసెట్ మీద సినిమా పాటలు వేసేవారు. పెళ్లికూతురి అలంకరణకి ఒక పాట, తలంబ్రాలకి ఒకటి, అప్పగింతలకి తప్పనిసరిగా ఏడిపించే పాట ఒకటి. గుండె ఆకారంలో ఫ్రేములు, గిరగిర తిరిగే ఫొటోలు. ఇప్పుడు చూస్తే మోటుగా అనిపించవచ్చు, కానీ అవి చేసిన పని చాలా పెద్దది: సినిమా పాటని సినిమాలోంచి విడదీసి, ఇంటి మనిషి ముఖానికి కట్టేశాయి. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలకి ఆ పాట ఎక్కడ వినబడినా అమ్మ ఏడుపే గుర్తొస్తుంది, హీరోయిన్ కాదు. ఈనాటి ఎడిట్ సరిగ్గా ఎదురు దారిలో వస్తుంది. ఇంటి జ్ఞాపకం ఎక్కి కూర్చున్న పాటని తెచ్చి మళ్లీ హీరో ముఖానికి కడుతుంది. ఎవరో తెలియని నటుడి మీద ఇంటివాడి మీద ఉన్నంత ప్రేమ ఎందుకని అడిగేవారు ఈ రెండు దారుల రాకపోకల్ని చూడాలి.

సాధనాలు మాత్రం వేగంగా మారాయి. 2017లో వాట్సాప్ స్టేటస్ వచ్చి, ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే వీడియోని రోజువారీ పలకరింపుగా మార్చింది. 2020 జూన్ 29న టిక్‌టాక్ సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించాక, వారాల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో అడుగుపెట్టాయి. ఎడిటింగ్ అంతా ఫోన్ మీదికే వచ్చేసింది. డబ్బు, కంప్యూటర్ లేకపోవడం ఇప్పుడు అడ్డంకి కాదు.

కట్టేవారికి దక్కేది

చూసేవారికంటే కట్టేవారి బంధం గాఢమైనది. నలభై సెకన్ల వీడియో కోసం మూడు గంటల సినిమాని షాట్ షాట్‌గా వెనక్కీ ముందుకీ తిప్పాలి. కంటి రెప్ప ఏ ఫ్రేమ్‌లో పడిందో, పెదవి ఎక్కడ కదిలిందో, పాటలో ఏ మాటకి ఏ చూపు సరిపోతుందో వెతకాలి. ఆ సినిమా ఎడిటర్ తర్వాత ఆ షాట్‌ని అంత దగ్గరగా చూసేది బహుశా వీరే. ఇలా చూడటంలో నటుడి చిన్న చిన్న పనితనం బయటపడుతుంది, దాంతో అభిమానం పెరుగుతుంది. పొగడ్త కోసమే చేస్తారనడం సగం నిజం.

ఎవరైనా పోయినప్పుడు ఈ పని స్వభావం బాగా తెలుస్తుంది. 2020 సెప్టెంబరు 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, 2021 నవంబరు 30న సిరివెన్నెల సీతారామశాస్త్రి కన్నుమూశారు. సీతారామశాస్త్రి పెరిగింది విశాఖ పక్కనే, అనకాపల్లిలో. ఆ రోజుల్లో కట్టిన ట్రిబ్యూట్ వీడియోల్లో హంగులు తక్కువ: నవ్వుతున్న ఫొటోలు, వేదిక మీద చెప్పిన మాటలు, కింద ఒక పాట. కోవిడ్ కాలంలో వెళ్లి చూసే వీలు లేదు, నలుగురు కూడి ఏడ్చే చోటు లేదు. దూరపు అభిమానికి వీడియో కట్టడం తప్ప చేయగల కర్మ ఇంకొకటి మిగల్లేదు. వ్యక్తిగా ఎన్నడూ కలవని మనిషి కోసం పడే ఈ దుఃఖాన్ని అతిశయం అనుకోనక్కర్లేదు. ముప్ఫై ఏళ్లు ఇంట్లో రోజూ వినిపించిన గొంతు ఆగిపోవడం ఇంట్లో జరిగిన సంగతే.

ఊరే మూలమైనప్పుడు

విశాఖకి ఉన్న ప్రత్యేకత, ఇక్కడివారికి మూలం సినిమా ఒక్కటే కాకపోవడం. షూటింగులకి దశాబ్దాలుగా అలవాటుపడిన ఊరిది. బీచ్ రోడ్డు, కైలాసగిరి, భీమిలి, అటు అరకు లోయ తెర మీద లెక్కలేనన్నిసార్లు కనిపించాయి. 1978లో కె. బాలచందర్ ‘మరో చరిత్ర’ని విశాఖ, భీమిలి పరిసరాల్లో నలుపు తెలుపుల్లో తీశారు. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, భాషే అడ్డు. అందులో లిఫ్ట్‌లో వచ్చే పాటని ఆత్రేయ తెలుగు సినిమాల పేర్లతోనే అల్లారు. పాత సినిమా పేర్లు ఏరి, వరసలో పెట్టి, ఆ వరసతోనే ప్రేమ చెప్పించడం ఈనాటి మాషప్‌కి ఎంత దగ్గరో ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. ప్రతి పేరూ విన్నవారికి తెలిసిన ఒక సినిమాని తాకుతుంది, మొత్తం మాత్రం వేరే మాట చెబుతుంది.

అలాంటి పాత సినిమా షాట్ల మీద కొత్త పాట వేసిన ఎడిట్‌ని హైదరాబాద్‌లో ఒకరు చూసి ప్రేమకథ గుర్తుచేసుకుంటారు. విశాఖవాసి కళ్లు నటుల వెనక్కి వెళ్తాయి. ఆ రోడ్డు పక్కన అప్పుడు ఇళ్లు లేవు. ఆ గోడ ఇప్పుడు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం చెట్లని కూకటివేళ్లతో పెకలించాక, అంతకుముందు తీసిన ప్రతి సినిమా కొంత మేరకు ఊరి పాత ఆల్బమ్ అయింది. కైలాసగిరి పచ్చగా ఉన్న రెండు సెకన్ల షాట్‌కి, హీరోతో నిమిత్తం లేకుండా, గొంతు పట్టుకుంటుంది. దర్శకుడు ఉద్దేశించని భావం అది. ఎడిట్ కట్టినవారు కూడా ఉద్దేశించి ఉండకపోవచ్చు.

ఇక్కడి నుంచి ఉద్యోగాల కోసం వెళ్లినవారు, ఓడల్లో నెలల తరబడి తిరిగేవారు, నేవీ బదిలీల మీద వచ్చి కొన్నేళ్లు ఉండి వెళ్లిపోయినవారు ఈ వీడియోలకి శ్రద్ధగా చూసే ప్రేక్షకులు. ఊళ్లో ఉన్న కుర్రాళ్లు ఇంకో పని చేస్తున్నారు: సినిమా తీసిన చోటుకే వెళ్లి, అదే కోణంలో నిలబడి, అదే పాటకి తమ వీడియో తీసుకుంటున్నారు. సినిమాలో చోటు కనబడటం ఒక ఆనందమైతే, ఆ చోట తాము కనబడటం దాని తర్వాతి మెట్టు.

అసలు సినిమా మీద ప్రభావం

ఎడిట్లు సినిమాని మింగేస్తున్నాయన్న భయం పరిశ్రమలో ఉంది. జరిగినదాంట్లో దానికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకి ‘పోకిరి’, సెప్టెంబరు తొలినాళ్లలో పవన్ కల్యాణ్ పుట్టినరోజుకి ‘జల్సా’ ప్రత్యేక ప్రదర్శనలు వేస్తే రెండు రాష్ట్రాల్లో హాళ్లు నిండాయి. 2006, 2008 నాటి సినిమాలవి. ఎప్పుడంటే అప్పుడు ఫోన్‌లో చూడగలిగినవాటికి టికెట్ కొన్నారు. ఏళ్ల తరబడి ఎడిట్లు ఆ షాట్లని వాడుకలో ఉంచడం ఇందుకు ఒక కారణం. హాల్లో జనం కథ కోసం ఎదురుచూడలేదు. ఎడిట్లలో కంఠతా వచ్చిన షాట్ రాగానే తెర కంటే ముందు తామే డైలాగ్ చెప్పారు. పద్యనాటకాల్లో ప్రేక్షకులు వన్స్‌మోర్ కొట్టించుకున్న తీరు ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

దీనికి వెనక తట్టు ఉంది. విడిగా కత్తిరించుకోవడానికి వీలుగా ఉండే, హీరోని ఆకాశానికెత్తే ఎలివేషన్ షాట్లని దృష్టిలో పెట్టుకునే కొన్ని సన్నివేశాలు రాస్తున్నారేమో అన్న అనుమానం ఈమధ్య సినిమాలు చూస్తే కలుగుతుంది. నడక, స్లో మోషన్, బీజీఎం, మళ్లీ నడక. వాటి మధ్య మనుషులు మాట్లాడుకునే సన్నివేశాలు సన్నబడుతున్నాయి. ఇలా ముందే ఎడిట్‌లా తీసిన సినిమాలోంచి మంచి ఎడిట్ రావడం కష్టం. అభిమాని కొత్తగా కనిపెట్టడానికి అందులో ఏమీ మిగలదు.

చట్టం ఎక్కడుంది

అభిమానులకు తరచూ తెలియని సంగతులు ఇక్కడున్నాయి. మన కాపీరైట్ చట్టం, 1957లో 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇస్తుంది: సొంత వాడకం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల వార్త. పాట మీద సినిమా షాట్లు వేసి అందరికీ కనిపించేలా పెట్టడం వీటిలో దేనికిందా నేరుగా రాదు. అమెరికాలో వ్యాపార లక్ష్యం లేని రీమిక్స్ వీడియోల కోసం డీవీడీల రక్షణ తాళాన్ని తీయడానికి 2010లో అధికారికంగా మినహాయింపు ఇచ్చారు. మనకి అలాంటి స్పష్టత లేదు. ఆచరణలో నడుస్తున్నది హక్కుదారుల ఓర్పు మీద. యూట్యూబ్ 2007లో తెచ్చిన కంటెంట్ ఐడీ పద్ధతిలో, హక్కుదారు ఆ వీడియోని ఆపేయవచ్చు, దాని మీద వచ్చే ప్రకటనల ఆదాయం తానే తీసుకోవచ్చు, ఊరికే లెక్క చూస్తూ ఉండవచ్చు. కాపీరైట్ స్ట్రైకులు తొంభై రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది.

హాల్లో తెర మీద వస్తున్న బొమ్మని ఫోన్‌తో తీయడం పూర్తిగా వేరే నేరం. హీరో ఎంట్రీకి ఈలలు, కాగితాల వాన తీస్తున్నామనుకుంటారు, వెనక తెర కూడా పడుతుంది. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేకుండా హాల్లో సినిమాని రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. జరిమానా సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లవచ్చు. అభిమానంతో స్టేటస్ పెట్టే కుర్రాడికి ఈ అంకెలు ముందే తెలియడం అవసరం.

ఎడిట్ తీసేసినప్పుడు అభిమానులు పడే బాధ సినిమా సంస్థలకి అర్థంకాదు. సినిమా ఎక్కడికీ పోలేదు కదా, అంటారు. పోయింది సినిమా కాదు. ఆ పాటకి, ఆ షాట్‌కి తాను కట్టిన ముడి పోయింది, దాని కింద మూడేళ్లుగా నలుగురూ రాసుకున్న మాటలు పోయాయి.

జరగనిది చూపించే వీడియో

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక నమ్మకం మీద నిలబడింది: షాట్ నిజంగా ఎక్కడో ఉంది, ఆ నటుడు ఒకరోజు కెమెరా ముందు నిలబడి అలా చూశాడు. ఎడిట్ ఎంత మార్చినా ఆ చూపు అతనిదే. కృత్రిమ మేధ ఈ నమ్మకాన్నే కదుపుతోంది. దాటకూడని గీత ఎక్కడ దాటామో అభిమానికి తెలియకుండా పోతోంది. 2023 నవంబరులో ఒక ప్రముఖ కథానాయిక ముఖాన్ని ఇంకొక మహిళ వీడియోకి అతికించిన డీప్‌ఫేక్ దేశమంతా కలకలం రేపింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన వ్యక్తి ఆ నటి పేరు మీద అభిమాన పేజీ నడిపేవాడని, ఆ పేజీకి ఫాలోవర్లని పెంచుకోవడానికే ఆ పని చేశాడని వారు చెప్పారు. అదే ఏడాది, బాలసుబ్రహ్మణ్యం గొంతుని అనుమతి లేకుండా కృత్రిమంగా సృష్టించి వాడారంటూ ఆయన కుటుంబం ఒక చిత్రబృందానికి లీగల్ నోటీసు పంపింది.

పోయినవారి గొంతుతో కొత్త పాట పాడించిన వీడియో కింద కన్నీళ్ల గుర్తులు ఇప్పుడూ పడుతున్నాయి. ఆ కన్నీరు అబద్ధం కాదు, వాసన నిజంగానే మేల్కొంటోంది. కానీ ట్రిబ్యూట్‌లో ఆయన పాడిన పాటని ఒక అభిమాని ఎంచుకున్నాడు. ఇక్కడ ఆయన ఎన్నడూ పాడనిదాన్ని ఆయన నోట పెట్టారు. కుటుంబం అడిగిన ప్రశ్న ఆ తేడా గురించే. చూసేవారు ఆ తేడాని ఎలా పట్టుకుంటారన్నది ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉండవచ్చు. యంత్రం గీసిన బీచ్ రోడ్డు మీద అభిమాన హీరో నడిచొస్తున్న వీడియో వస్తే, విశాఖవాళ్లు ముందు హీరోని చూడరు. సముద్రానికి ఎదురుగా నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ కుడిచేతి వైపు ఉండాలి. అది అక్కడుందో లేదో చూస్తారు.